బాపు భయం, చాచా నవ్వు

మొన్న నిజామాబాద్‌లో ఒక డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన నా చేతికి పట్టీ చుట్టి, గాలి నింపి చూసి, బీపీ బాగా ఎక్కువగా ఉందన్నాడు. ఇంట్లో నా మనవరాలు అలాంటి మిషన్‌తోనే చూస్తుంది. అక్కడ ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. ఆ మాటే చెప్పాను. డాక్టర్ వయసులో నా కొడుకు కంటే చిన్నవాడు. నవ్వి, "అమ్మా, మీ బీపీ నన్ను చూసి పెరిగినట్టుంది. జర బయట కూసొని రాండ్రి, మళ్ళొకసారి చూద్దాం" అన్నాడు. బయట బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా ఒక పసివాడు చెప్పు విప్పి నోట్లో పెట్టుకోబోతుంటే వాళ్ళమ్మ పడుతున్న తిప్పలు చూస్తూ నేనెందుకు వచ్చానో కాసేపు మరిచిపోయాను. లోపలికి పోయి మళ్ళీ చూపించుకుంటే నిజంగానే తగ్గింది.

ఆటోలో ఇంటికి వస్తుంటే ఒకటే ఆలోచన. మనసులో బెదురు పుడితే ఆ సంగతి చేతిలోని నెత్తురుకు ఎవరు చెబుతారు? ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు, చందూరు దగ్గర మా ఊళ్ళో, ఒక ఏడాది పొడుగునా దీని వెంటే తిరిగాను. మా నాన్న, అదే మా బాపు వల్ల, ఆయన దోస్తు బోధన్ చాచా వల్ల.

మా వైపు అప్పుడు ఎటు చూసినా చెరుకే. చలికాలం మొదలై బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆడటం మొదలుపెట్టిందంటే, గాలి అటునుంచి వీచిన రోజున ఊరంతా చెరుకు మడ్డి వాసన వచ్చేది. తియ్యగా ఉండదు ఆ వాసన. కొంచెం పులుపు, కొంచెం మాడు. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన రాగానే నోట్లో నీళ్ళూరేవి. చెరుకు కొట్టడానికి మరాఠీ కూలీలు కుటుంబాలతో వచ్చి చేన్ల పక్కన గుడిసెలు వేసుకునేవాళ్ళు. బండ్లు బారులు తీరి బోధన్ వైపు సాగేవి. బడి వదలగానే మేము వెనక నుంచి పోయి బండిలో గడ లాగేవాళ్ళం. బండి మనిషి వెనక్కి తిరిగి చెర్నాకోల ఆడించేవాడు. అది మా మీద పడదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

బాపు ఆరడుగుల మనిషి. బెదిరిన ఎద్దును కొమ్ములు పట్టి నిలబెట్టేవాడు. వాడకట్టులో ఎవరింట్లో పాము దూరినా బాపునే పిలిచేవాళ్ళు. అలాంటి మనిషికి దవాఖాన అంటే వణుకు. బోధన్ బజారులో నడుస్తూ మందుల వాసన తగిలితే చాలు, నా చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి దాటేవాడు. ఎందుకని అవ్వను అడిగితే, ఆమె చింతపండు గింజలు తీస్తూ మెల్లగా చెప్పింది.

"మీ తాతను బండ్ల ఏసుకొని దవఖానకు తీస్కపోయిన్రు బిడ్డా. నీ బాపు అప్పుడు నీ అంతుండె, గా బండ్లనే కూసున్నడు. పొయ్యేటప్పుడు మీ తాత వానితోని ముచ్చట వెట్టుకుంటనే పోయిండు. వచ్చేటప్పుడు మీద బట్ట గప్పి తెచ్చిన్రు. గప్పటి సంది వానికి దవఖాన అంటే గంతే."

ఆ ఎండాకాలం బాపుకు, పెదనాయనకు కాలువ నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగింది. నీళ్ళు తక్కువ, వంతు ఎవరిదన్న దగ్గర తగువు. ఇద్దరివీ పక్క పక్క చేన్లు, పక్క పక్క ఇండ్లు, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ రోజు నుంచి ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు. పెదనాయన గోడ అవతల దగ్గితే బాపు ఇవతల తింటున్న రొట్టె పక్కన పెట్టి లేచిపోయేవాడు. అవ్వకు ఇద్దరూ కొడుకులే. ఆమె ఆ గోడ దగ్గరే పీట వేసుకుని కూర్చునేది, ఎటూ పోకుండా.

అదే కోపంలో చెరుకు నరికిన చేనులో చూసుకోకుండా నడిచి బాపు పాదం కింద మోడు గుచ్చుకుంది. పసుపు అద్ది గుడ్డ చుట్టాడు. మామూలుగా బాపుకు దెబ్బలు తగిలినా తొందరగా మానిపోయేవి. ఇది మానలేదు. అమ్మ అడిగితే "గీసుకపాయె, గంతే" అనేవాడు. కానీ కాళ్ళు కడుక్కోవడానికి ఎవరూ లేని వేళ చూసుకునేవాడు. చేను నుంచి రాగానే రంజన్ కుండ దగ్గర నిలబడి చెంబు మీద చెంబు నీళ్ళు తాగేవాడు. అంగీ భుజాల మీద వదులైంది. ఇంట్లో సరిగ్గా తినకుండా చేనులో చెరుకు నమిలి కడుపు నింపుకునేవాడని తర్వాత తెలిసింది.

నాకు చీమలంటే ఇష్టం. వాటి దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెతకడం నాకు పెద్ద పని. వానలు మొదలైనప్పుడు ఒకనాడు దొడ్డి గోడ వెనక నల్ల చీమల బారు చూశాను. అక్కడ బెల్లం లేదు, అన్నం మెతుకు లేదు. బాపు మూత్రానికి పోయే చోటు అది. ఏదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు పరుగెత్తుకొచ్చి, అందరూ తింటుంటే చెప్పేశాను.

"అవ్వా, బాపు పోసిన కాడ చీమలు వట్టినయి!"

"తినేకాడ గవేం మాటలే!" అని కసిరింది అవ్వ. వెంటనే ఆమె మొహం మారింది. అమ్మ చేతిలో జొన్నరొట్టె అట్లాగే ఉండిపోయింది.

"శక్కర బీమారి గిట్ల కాదు గదా రా?" అంది అవ్వ.

బాపు కంచంలో చెయ్యి కడిగి లేచాడు. ఆ తర్వాత అమ్మ ఎన్నిసార్లు బోధన్ పోదామన్నా "నాకేం గాలే" అన్న ఒక్క మాటే. పుండు పెద్దదవుతున్న కొద్దీ ఆ మాట కూడా పెద్దగా అరిచేవాడు. చిన్నదాన్నైనా నాకు వింతగా ఉండేది. జబ్బు ముదిరితే మనిషి తొందరగా వైద్యం దగ్గరికి పోవాలి కదా. మా బాపు జబ్బు ముదిరిన కొద్దీ దూరంగా జరుగుతున్నాడు.

బోధన్ పొలిమేరలో, రోడ్డు పక్కన, చాచాకు దుకాణం ఉండేది. బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే పని. బాపుకు, ఆయనకు చిన్ననాటి దోస్తీ. ఆయన పని చూడటానికే నేను బండెక్కి బాపు వెంట పోయేదాన్ని. పిడకలు, కట్టెలు పేర్చిన మంటలో పట్టా ఎర్రగా కాలేది. దాన్ని పట్టకార్లతో ఎత్తి కట్టె చక్రం మీద వేసి, సుత్తెలతో కొట్టి, బిందెలతో నీళ్ళు పోసేవాళ్ళు. బుస్సుమని ఆవిరి లేచేది. కాలిన కట్టె వాసన ఒళ్ళంతా పట్టేది. చాచా చెమటలు కక్కుతూ, సుత్తె ఎత్తిన ప్రతిసారీ ఏదో ఒక హాస్యమాడుతూ ఉండేవాడు. ఆయన నవ్వితే అవతలి హోటల్లో చాయ్ తాగేవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు, దేనికో తెలియకపోయినా. దుకాణం వెనకే ఇల్లు. చాచి నన్ను లోపలికి పిలిచి, పుల్లటి పప్పు పోసిన అన్నమో, పాలలో ఉడికించిన సేమ్యానో పెట్టేది.

ఆ వానాకాలంలో చక్రం బాగు చేయించుకోవడానికి బాపు బండి కట్టాడు. నేనూ ఎక్కాను. దుకాణంలో దిగగానే చాచాతో చీమల సంగతి, పుండు సంగతి అన్నీ చెప్పేశాను. బాపు నా వైపు కోపంగా చూశాడు. చాచా సుత్తె కింద పెట్టి, బాపును మంచం మీద కూర్చోబెట్టి, తానే వంగి కాలి గుడ్డ విప్పాడు. 

"భాయ్, దవఖానకు పోదాం."

"పోను."

"ఎందుకు పోవు?"

"పోనంటే పోను. సంపుతరు ఆడ."

"సంపితే ఇద్దర్ని సంపుతరు. నేను గూడ వస్త. నీకు ఏమేం జేస్తరో నాకు గూడ గవ్వే జేయమంట. సూది ఏస్తే ముందుగాల నాకు. సరేనా?"

"నీకేమైందని?"

"ఏం గాలే. దోస్తుకు తోడు. ఏం, ఉట్టిగ పరీక్ష జేస్తే తప్పా?"

బాపు చాలాసేపు ఎద్దుల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచాడు. చాచా ఆయన భుజం మీద చెయ్యి వేసి, దారి పొడుగునా ఏవో పాత ముచ్చట్లు చెప్పి నవ్విస్తూ తీసుకుపోయాడు. బజారులో మందుల వాసన వచ్చిన చోట బాపు అడుగు ఆగింది. చాచా చెయ్యి మాత్రం భుజం మీద నుంచి తియ్యలేదు.

డాక్టర్ సాబ్ పెద్దాయన, నెమ్మదస్తుడు. ఆ రోజుల్లో ఇప్పటిలా వేలి మీద చుక్క నెత్తురు తీసి చూసేది లేదు. ఒక గాజు గొట్టంలో నీలం మందు కొంచెం పోసి, అందులో మూత్రం చుక్కలు వేసి, చిన్న దీపం మీద కాచేవాళ్ళు. రంగు మారకపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, ఆ పైన నారింజ, ఆ పైన ఇటుక రంగు. కాంపౌండర్ బాపు గొట్టం కాచాడు. నేను బల్ల అంచు పట్టుకుని చూస్తున్నాను. నీలం కాస్తా ఆకుపచ్చగా మారింది, పసుపయింది, నారింజ దగ్గర ఆగింది. అంత అందమైన వస్తువు నేను అప్పటిదాకా చూడలేదు. దాని అర్థం మాత్రం బాపు మొహం చూస్తే తెలిసింది.

తర్వాత చాచాది. తోడు కోసం ఇచ్చిందే కదా అని కాంపౌండర్ కూడా తొందర తొందరగా కాచాడు. రంగులన్నీ దాటి గొట్టం ఇటుకలా ఎర్రబడింది. కాంపౌండర్ దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. మళ్ళీ మందు పోసి మళ్ళీ కాచాడు. మళ్ళీ అదే రంగు.

 ముందుగా నవ్వింది చాచానే.

"అరే భాయ్, సూసినవా! గిండ్ల గూడ నేనే గెలిచిన!"

బాపు నవ్వలేదు. 

డాక్టర్ సాబ్ ఇద్దరికీ గోలీలు రాసి, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పి, బాపు పుండు కడిగించాడు. కడుగుతుంటే అడిగాడు. "మనసుల ఏమన్న రంది, దిగులు ఉన్నదా?"

"ఏం లేదు సార్" అన్నాడు బాపు.

"మా పెదనాయనతోని మాట్లాడ్తలేడు" అన్నాను నేను.

డాక్టర్ సాబ్ నా వైపు చూసి, బాపుతో అన్నాడు. "రందితోనే జబ్బు పుట్టిందని నేనంటలేను. కని ఉన్న జబ్బును రంది పెంచుతది. కోపమొచ్చినా, భయమైనా, ఒళ్ళు కొట్లాటకు తయారైతది. నెత్తుట్లకు శక్కర ఇడుస్తది, ఉరుకనీకి, కొట్టనీకి. నువ్వు ఉరుకవు, కొట్టవు. ఇంట్ల కూసొని పండ్లు పటపట కొరుకుతవు. గా శక్కర యాడికి పోతది చెప్పు?"

ఆ మాట నాకు బుర్రలో పడిపోయింది. కోపానికి ఒంట్లో చక్కెర ఊరుతుందా? అయితే ఆ నీలం మందులో కోపం కూడా కనబడుతుందా?

చూసే అవకాశం నాకే దొరికింది. డాక్టర్ సాబ్ ఒక సీసా నీలం మందు, గాజు గొట్టం, చిన్న దీపం ఇచ్చి ఇంట్లోనే చూసుకోమన్నాడు. అమ్మకు అది పట్టుకోవాలంటే రోత, అవ్వకు చూపు ఆనదు. ఆ పని నాకు పడింది. పొద్దున్నే దొడ్లో దీపం వెలిగించి గొట్టం కాచేదాన్ని. బాపు కొంచెం దూరంలో నిలబడి, చూడటానికి భయపడి, అటు తిరిగి అడిగేవాడు. "ఏం రంగు బిడ్డా?"

ఆయన భయం అక్కడితో ఆగలేదు. చెరుకు గడ ముట్టడం మానేశాడు. కొత్త బెల్లం వండిన రోజున చేను వైపే పోలేదు. జొన్నరొట్టె, కాకరకాయ, మెంతికూర. పొద్దున, సాయంత్రం పాదం కడిగి, వేళ్ళ సందులన్నీ తడి లేకుండా తుడిచి, అమ్మకు చూపించేవాడు. గోలీ వేసుకోవడం మరిచిపోయిన రోజు లేదు. ఊళ్ళో కొందరు నవ్వారు. గంత పెద్ద మనిషి గోలీకి భయపడ్తడేంది అన్నారు. బాపు సిగ్గుపడేవాడు కానీ మానలేదు.

నేను మాత్రం రంగులు చూస్తూ, ముందు రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకునేదాన్ని. కాలువ దగ్గర పెదనాయన ఎదురైన మరునాడు గొట్టం పసుపు తిరిగేది. తిన్నది అదే రొట్టె, అదే కూర. మళ్ళీ కొన్నాళ్ళు ఆకుపచ్చగా ఉండేది. దసరా నాడు ఏం జరిగిందంటే, మా వైపు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి ఒకరినొకరు కౌగిలించుకుంటారు కదా, చిన్నవాళ్ళే పెద్దవాళ్ళ దగ్గరికి పోవాలి. బాపు పోలేదు. అరుగు మీద కూర్చుని జమ్మి ఆకు వేళ్ళ మధ్య నలుపుతున్నాడు. పెదనాయనే గోడ చుట్టి వచ్చాడు. వచ్చి, ఆకు చేతిలో పెట్టబోయి, కాలి కట్టు చూసి ఆగాడు.

"గీ కాలేంది రా గిట్లయింది? నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మాట్లాడ్తలేవు గద."

"నువ్వు మాట్లాడ్తలేవనే నేను మాట్లాడ్తలేను రా!"

అవ్వ పీట మీద నుంచి లేవబోయి, లేవలేక, అక్కడే కూర్చుని ఇద్దరినీ తిట్టింది. ఎంత ప్రేమగా తిట్టిందో. ఆ రోజు బాపు గారెలు తిన్నాడు, మాంసం తిన్నాడు. మరునాడు పొద్దున భయపడుతూ గొట్టం కాచాను. అది నీలం నుంచి ఆకుపచ్చకు జరిగి, అక్కడే ఆగింది. బాపు మొదటిసారి ఇటు తిరిగి కళ్ళారా చూశాడు.

ఆ సంగతి డాక్టర్ సాబ్‌కు చెబితే, "ఒక్కనాటితోని చెప్పొద్దు బిడ్డా, సూసుకుంట ఉండు" అన్నాడు. చూశాను. ఆయన అన్నది నిజమే. నవ్వుతూ గడిచిన కొన్ని రోజుల తర్వాత కూడా గొట్టం నారింజగా మారేది. ఎందుకో తెలిసేది కాదు. మనసుకూ ఒంటికీ మధ్య ఉన్న దారి చీమల బారులా నేరుగా లేదు. చలికాలానికి మాత్రం బాపు పుండు అంచులు దగ్గరపడి, ఎండి, గులాబీ రంగు తోలు వచ్చింది.

చాచా సంగతి వేరు. ఆయన గోలీలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. చాయ్‌లో చక్కెర ఎప్పటిలాగే. బాపు నాతో గొట్టం, మందు తెప్పించి "జర సూపియ్యి భాయ్" అని బతిమాలితే, "నా రంగు నాకు తెల్వదా? నేనెప్పుడూ ఎర్రగనే ఉంట" అని నవ్వేవాడు. నాకు ఆయనే సరైన మనిషి అనిపించేది. బాపు ఎప్పుడూ పాదం వైపు చూసుకుంటూ, తిండి చూసి బెదురుతూ ఉంటాడు. చాచాకు జబ్బే లేనట్టు ఉంటుంది. రందితో జబ్బు పెరుగుతుందన్నారు కదా, మరి నవ్వే మనిషికి ఏమవుతుంది అనుకునేదాన్ని.

చెరుకు బండ్ల కాలం వచ్చింది. చాచా దుకాణం ముందు చక్రాలు కుప్పలు పడ్డాయి. ఒకనాడు మేము పోయేసరికి పట్టా కాలుతోంది. చాచా చెప్పులు పక్కన విడిచి మంట దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నాకు ఏదో కాలిన వాసన వచ్చింది. కట్టె వాసన కాదు. కిందికి చూస్తే ఆయన పాదం మీద, వేళ్ళ దగ్గర, ఒక నిప్పు కణిక ఉంది. చాచా మాట్లాడుతూనే ఉన్నాడు.

"చాచా! కాలు!" అని అరిచాను.

ఆయన చూసి, కాలు విదిలించి, ఒక్క క్షణం ఆ చోటు వైపే చూశాడు. తర్వాత నవ్వాడు. "సూసినవా బేటీ, నిప్పు గూడ నన్ను ముట్టనీకి భయపడ్తది. జర గూడ నొస్తలేదు!"

అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. బాపు మాత్రం చాచా పాదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "నొయ్యకుంటే మంచిది గాదు భాయ్. శక్కరతోని కాళ్ళు మొద్దువారుతయని డాక్టర్ సాబ్ చెప్పలేదా? పా, ఇప్పుడే పోదాం."

"బండ్లు నిలవడ్డయి. రేపు."

ఆ రేపు రాలేదు. బాపు వెంటపడ్డాడు, తిట్టాడు, చాచి ఏడ్చింది. చాచా ప్రతిసారీ ఒక హాస్యమాడి తప్పించుకున్నాడు. పాదం నల్లబడి జ్వరం వచ్చేదాకా అదే తీరు. అప్పుడు కొడుకు నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. మోకాలి కింద నుంచి కాలు తియ్యాలన్నారు.

బాపు వెళ్ళాడు. మందుల వాసనకు రోడ్డు దాటే మనిషి, ఆ దవాఖాన వరండాలో చాచా పక్కనే కూర్చున్నాడు. ఆ సాయంత్రం నేనూ అమ్మా రొట్టెలు తీసుకుని పోయాం. చాచా బాపు చెయ్యి పట్టుకుని ఉన్నాడు. నవ్వడం లేదు.

"భాయ్, గా దినం డాక్టర్ దగ్గర నా గొట్టం ఎర్రగైతే నాకు శాన భయమైంది. నీకు తెల్వదు. నీకు భయం బయటికే కనవడ్తది. నాకు లోపల్నే ఉంటది. నువ్వు భయపడి గోలీ ఏసుకున్నవు. నేను భయపడి నవ్విన."

"ఒక్క మాట నాకు చెప్పకపోతివి గద భాయ్" అన్నాడు బాపు. 

కాలు తీశారు. ఇంటికి వచ్చాక చాచా మంచం పట్టాడు. మాట లేదు, నవ్వు లేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చాచి పెట్టిన తిండి అట్లాగే ఉండేది. గోలీ ఇస్తే దిండు కింద పెట్టేవాడు. "ఎవరి కోసం తినాలె?" అనేవాడట. కోసిన చోట గాయం మానక చెమ్మ కారుతూనే ఉండేది. కొడుకు ఒక్కడే దుకాణం నడుపుతున్నాడు. బాపు వీలు దొరికినప్పుడల్లా పోయి మంచం పక్కన కూర్చునేవాడు. బాపుకు హాస్యమాడటం చేతకాదు. చేనులో ఏం నాటాడో, ఎద్దు ఏం చేసిందో చెప్పి, ఊరుకుని, మళ్ళీ అదే చెప్పేవాడు.

ఒకనాడు దుకాణంలో మనుషులు తక్కువై, చాచా కొడుకుకు సాయం చేస్తానని బాపు లేచాడు. చాచా మంచం వాకిట్లోనే ఉంది. ఇంకా కాల్చని కొత్త పట్టా గోడకు ఆనించి ఉంటే బాపు దాన్ని నిలబెట్టి తిప్పబోయాడు. అది చెయ్యి జారింది. జారి, వాలులో పడి, గలగలమంటూ రోడ్డు దాటింది. బాపు దాని వెనక ధోతి ఎగ్గట్టి "ఆపుండ్రి, ఆపుండ్రి!" అని పరుగు. ఒక మేక తాడు తెంపుకుంది. చాయ్ హోటలాయన చేతిలో గిన్నెతో బెంచీ ఎక్కాడు. పట్టా నేరుగా హోటల్లోకి పోయి, బల్లల మధ్య ఒక చుట్టు తిరిగి, మెల్లగా పడుకుంది. బాపు రొప్పుతూ నిలబడి, హోటలాయనకు దండం పెట్టి, "తప్పయింది, చాయ్ ఒలికిందా?" అన్నాడు.

వెనక నుంచి ఏదో చప్పుడు వచ్చింది. మొదట దగ్గు అనుకున్నాను. చాచా నవ్వుతున్నాడు. మంచం మీద లేచి కూర్చుని, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నాడు. చాచి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, ఆయన్ని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అరే, ఎద్దును పట్టినోనివి, గాజు లెక్క గది చేతిలకెల్లి జారిందా!" అన్నాడు చాచా. కాసేపటికి, "ఆకలైతాంది" అన్నాడు.

ఆ రోజు నుంచి తిన్నాడు. గోలీ వేసుకున్నాడు. నా చేత గొట్టం కాపించుకుని, రంగు మారేదాకా కళ్ళు మూసుకుని, "ఏమైంది బేటీ?" అని భయంగానే అడిగేవాడు. ఇక దాచుకోలేదు. వేసవి వచ్చేసరికి గాయం మానింది. తిండి, మందు పడ్డాయి కాబట్టి మానిందన్నాడు డాక్టర్ సాబ్. ఆయన నవ్విండు కాబట్టే మానింది అంది చాచి. నవ్వాడు కాబట్టి తిన్నాడు, తిన్నాడు కాబట్టి మానింది అని నేను రెండూ కలిపి చెబితే, ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. అప్పటికీ ఇప్పటికీ అంతకంటే బాగా నాకు చెప్పడం రాలేదు.

చాచా కట్టెకాలు పెట్టుకుని కొన్నేళ్ళు దుకాణంలో కూర్చున్నాడు. ఒక చలికాలం గుండె ఆగి పోయాడు. బాపు చాలాకాలం బోధన్ వైపు పోలేదు. ఇప్పుడు ఆ దుకాణం లేదు. ఆ చోట సెల్‌ఫోన్లు బాగు చేస్తారు. చెరుకు బండ్లు లేవు, చేన్లలో ఎక్కువగా వరి. గాలి ఎటునుంచి వీచినా ఏ వాసనా రాదు.

బాపు మాత్రం చాలాకాలం బతికాడు. భయపడుతూనే బతికాడు. పెళ్ళయి నిజామాబాద్ వచ్చేసిన తర్వాత నేనొకసారి పుట్టింటికి పోయినప్పుడు, మా వాడకట్టులోనే ఒక రైతు గొంతు కింద గడ్డ లేచి, దాన్ని తువ్వాలతో కప్పుకుని, ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడని విన్నాను. పెద్ద గొంతు మనిషి. బాపును గోలీలకు భయపడే పిరికివాడని నవ్విన వాళ్ళలో ఆయన ముందుండేవాడు. కొడుకులు తిట్టారు, భార్య మొక్కుకుంది, ఆయన కదలలేదు. బాపు పోయి ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. దవాఖానలో ఏమీ కాదని బాపు చెబుతాడనుకున్నాను. చాచాలా ధైర్యం చెబుతాడనుకున్నాను.

"భయమైతాంది, గదా?" అన్నాడు బాపు.

ఆయన తల తిప్పుకున్నాడు. తువ్వాల సర్దుకుంటూ, "అయితాంది" అన్నాడు.

"నాకు గూడ అయితది. ఇప్పటికి గూడ ఆ మందుల వాసనొస్తే రోడ్డు అవుతలికి పోబుద్ధైతది. పా, నేను గూడ వస్త. ఇద్దరం కలిసి భయపడుదం."

ఆ గడ్డ ప్రాణం తీసేది కాదని తర్వాత తేలింది. కోసి తీసేశారు, ఆయన చాలా ఏళ్ళు తిరిగాడు. కానీ ఆ పొద్దున అది ఎవరికీ తెలియదు. ఇద్దరూ లేచి, చెప్పులు వేసుకుని, బస్సు ఆగే చోటికి నడిచారు. ఇద్దరూ పెద్ద మనుషులు, తల నెరిసిన వాళ్ళు, చిన్నపిల్లల్లా చెయ్యి చెయ్యి పట్టుకున్నారు.  ఎవరు ఎవరిని తీసుకుపోతున్నారో, వెనక నుంచి చూస్తున్న నాకు తెలియలేదు.